ఒక అక్షరం రాలిన బండి

మూతి మీద ఎనిమిది మూలల బిళ్ల,
బిళ్లల రెండక్షరాలు: ఎం, జీ.
ఎంజీఎం దవాఖానది కావచ్చు,
ఆఖరి ఎం ఎక్కడనో రాలిపోయిందనుకున్న.
నాకప్పుడు తొమ్మిదేండ్లు.
కాజీపేట చౌరస్తాల మా బాపుది రెగ్జిన్ దుకాణం.
రిక్షా టాపులు, లారీ సీట్లు,
బ్యాండు మేళపోళ్ల డప్పు సంచులు, ఏదైనా కుడుతడు.

ఆ ఎండకాలం
రైల్వే క్వార్టర్ల ఎనుక షెడ్డు తలుపు గుంజి
రొజారియో తాత చూపిచ్చిండు దాన్ని.
బొగ్గింజన్లు నడిపి రిటైరైన మనిషి,
ముంజేతుల నిండ నిప్పురవ్వల మచ్చలు.
సీట్ల కోడి గుడ్లు పెట్టింది.
సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు,
బానెట్టుకు చేప మొప్పల్లెక్క చీలికలు,
తలుపులు ఉల్టా తెరుసుకుంటయి.
"గింత పొడుగు మూతికి గిద్దరేనా కూసునేది?"
బాపు నవ్విండు.
మా ఇంట్ల ఏడుగురం.

ఇంజిన్ లేస్తలేదు, దుకాణం దాక నూకాలె.
బాపు, తాత, గోళీసోడాల ఖాజా, గ్యాంగ్‌మన్ కొంరెల్లి,
ఇంకో ఇద్దరు, పేర్లు యాదికి లేవు.
స్టీరింగు పట్టేటందుకు
బరువు తక్కువున్నోళ్లు కావాలె.
అందరు నా దిక్కు చూసిండ్రు.

రెండు ఇటుకలు, మీద ఒక గోనెసంచి,
దాని మీద నేను.
తోలు వాసన, ఎలుకల వాసన,
ఎన్నడో ఎగిరిపోయిన పెట్రోలు వాసన.
చెక్క పలకల గుండ్రటి మీటర్లు,
మైళ్ల ముల్లు సున్న మీద పండుకున్నది.

లోకో షెడ్డు దాటినంక దిగుడు.
ఇడువుర్రని ఎవ్వరనలే,
బండే ఇడిపిచ్చుకున్నది.
ఎనుక చెప్పుల చప్పుడు, కేకలు,
తర్వాత అవి గూడ లేవు.
చప్పుడు లేకుంట ఉరికే బండిల
నేనొక్కదాన్ని.
భయమా? అయ్యే ఉంటది.
నాకు యాదికున్నది ఒక్కటే:
చక్రం ఇంచు తిప్పితే
ఆ పొడుగు మూతి ఇంచు తిరిగింది.
అప్పటిదాక నా మాట ఇన్నది ఏదీ లేదు.

ముందట గేటు పడ్డది.
చేతి బ్రేకు రెండు చేతుల గుంజిన,
గేటుకు మూరెడు దూరంల ఆగింది.
అప్పుడొచ్చింది గూడ్సు, బెల్లంపల్లి దిక్కునుంచి,
బొగ్గు డబ్బాలు, యాభై ఎనిమిది.
నేల అదిరింది. పుల్లలు, స్ప్రింగులు,
నా ఈపు, నా పండ్లు.
సున్న మీది ముల్లు లేచి ఊగింది.
ఇంజిన్ లేచిందనుకున్న.

గూడ్సు పోయింది.
తాత ఉరికొచ్చి, రొప్పుకుంట,
"సిగ్నల్ దాటలే. పాస్" అన్నడు.
బాపు కొట్టనీకి ఎత్తిన చెయ్యితోటే
బానెట్టు మీది దుమ్ము తుడిసిండు.

పదకొండు దినాలు కుట్టిండు ఎర్ర తోలు.
మిగిలిన పేలిక నా కంపాసు డబ్బాల.
లెక్కల పీరియడ్ల మూత తీసి
ఒక్కసారి వాసన చూసి మూసేది.

వానలు పడ్డంక, ఖమ్మం మేస్త్రీ ఇంజిన్ లేపిన దినం
నాకు మూన్నెల్ల పరీక్ష, సోషలు.
వాడకట్టంత ఇన్నది, నేను తప్ప.
ఎట్లుండెనే అంటే
కుట్టుమిషన్ తీరున్నదన్నది అవ్వ.
పులి అన్నడు ఖాజా.
బాపు నోట్ల దారముండె, ఏమనలే.
దసరాకు ముందే వ్యాగనెక్కి పోయింది. మద్రాసట.

ఇప్పుడు నాకు యాభై ఆరు,
దుకాణం బోర్డు మీద నా పేరు.
హైదరాబాదు నుంచి లారీల మీద వస్తయి
షోకు తీరనోళ్ల పాత బండ్లు.
పైసలు తక్కువనే తీసుకుంట, ఒక్క షరతు:
తీస్కపొయ్యే ముందు నా ఎదుట స్టార్టు చెయ్యాలె.
కండ్లు మూసుకొని ఇంట.
కుట్టుమిషనా, పులా?
ఇది కాదు.
ఇది గూడ కాదు.

ఎనుక రేకుల కింద నాదీ ఒకటున్నది,
పన్నెండేండ్ల చీటీ పైసలు.
బాడీ ఉన్నది, సీట్లు కుట్టుకున్న,
ఇంజినే ఇంక దొరకలే.
ఆయితారం పొద్దుగూకినంక పొయ్యి దాంట్ల కూసుంట.
కాజీపేటల రైళ్లకేం కొదువ?